వాలు

దలన్‌జద్‌గద్ బజారులో
ఇనుప కంటైనరుకి తలుపు కోసి పెట్టిన కొట్టు మాది.
మాది అంటే దుల్మా అక్కది.
నేను పనికి చేరి ఏడు వారాలు,
టంకం పొగకి ఇంకా కళ్ళు నులుముకుంటూనే ఉన్నాను.

గొంబో తాత మోటారుసైకిల్ దిగి వచ్చాడు,
నూటనలభై కిలోమీటర్ల గోబీ ఇసుకని భుజాన వేసుకుని.
ఫోను బల్ల మీద పెట్టాడు.
పక్కనే ఒక గొర్రె చీలమండ ఎముక పెట్టాడు.
పిల్లలాడుకునేదేమో, జేబులోంచి వచ్చేసిందనుకున్నాను.
"ఛార్జి ఎక్కదు," అన్నాడు.
కాసేపాగి, "ఎక్కితే ఎక్కుతుంది."

బ్యాటరీ పోయింది తాతా, మార్చేద్దాం, అన్నాను.
కిందటి వారం దిగిన బ్యాటరీల పెట్టె
నా మోకాలికి తగులుతూ ఉంది మరి.

దుల్మా అక్క నా వైపు చూడలేదు.
వేరే తీగ గుచ్చింది. వేరే ఛార్జరు.
మధ్యలో బొటనవేలంత మీటరు.
వోల్టులు ఉన్నాయి, ఐదుకి రవ్వంత తక్కువ.
ఆంపియర్లు సున్నా.
పిలుపు కోసం గుమ్మంలోనే ఆగిపోయిన చుట్టంలా
కరెంటు అక్కడిదాకా వచ్చి నిలబడింది.
"తీగది కాదు తప్పు. ఛార్జరుదీ కాదు.
ఇక నోరు తెరిపించాలి."

భూతద్దం కింద ఆ సన్నటి నోరు.
చెక్కపుల్లతోనే గీకుతుంది
(నేను సూది తీస్తే చేతి మీద ఒకటేసింది).
ఒంటె బొచ్చు. ఇసుక. ఎండిపోయిన పాలచుక్క.
తీగ గుచ్చినప్పుడల్లా కూరుకుని కూరుకుని
గుడారం మీద కప్పే ఉన్ని దుప్పటిలా గట్టిపడి ఉంది.

ఆ ముద్దని పారెయ్యదు ఆవిడ.
నోటుపుస్తకంలో టేపుతో అంటించి తేదీ రాస్తుంది.
అదే పేజీలో పైన రొట్టెలావిడ పిండి,
ఎవరో బడిపిల్లాడి పెన్సిలు పొట్టు,
లారీ డ్రైవరు జేబులోని పొద్దుతిరుగుడు తొక్క.
ఎవరి రోజులు వాళ్ళ ఫోను నోట్లో
అడక్కుండానే పేరుకుంటాయి.

మళ్ళీ గుచ్చింది. ఈసారి టక్కుమని కూర్చుంది.
మీటరు సున్నా అంది,
పాయింటు నాలుగు అంది,
మళ్ళీ సున్నా.
చూశావా బ్యాటరీయే, అని నేను నోరు తెరిచేలోపు
తాతని అడిగింది,
"ఇంట్లో ఎలా పెడతావు? పెట్టి చూపించు."

సిగ్గుపడ్డాడు తాత.
టోపీ తీసి పక్కన పెట్టాడు.
ఎముకని ఫోను ఎడమ అంచు కింద దూర్చి,
తీగ మెడ మీద చూపుడువేలు ఆన్చి
ఇంత, ఆవగింజంత, నొక్కి
ఊపిరి బిగబట్టాడు.

మీటరు మీద ఒకటి పాయింటు ఒకటి.

"చలికాలమంతా ఇంతే," అన్నాడు వేలు తియ్యకుండానే.
"కాసేపు మా ఆవిడ పట్టుకునేది, కాసేపు నేను.
మంచు ఎటు ముంచుకొస్తుందో వినాలిగా,
మందని ఎటు తోలాలో."

దుల్మా అక్క అప్పటికే మరలు విప్పుతోంది.
"ఎముక ఎటుంది?" అంది నాతో.
ఎడమ.
"కుంటిగుర్రం ఏ గిట్ట నొప్పో చెప్పదు.
నడిపించి చూడాలి."

బోర్డు మీద, ఆ సాకెట్టు ఎడమకాలి చుట్టూ,
టంకంలో వెంట్రుకవాసి నల్లగీత.
నొక్కితే మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది.
మూడుసార్లు చూస్తేగాని నాకు ఆనలేదు.
తాత వేలికి మాత్రం నవంబరు నుంచీ తెలుసు.

ఒక్క చుక్క. కాస్త పొగ.
ఇప్పుడు ఫోను చదునుగా పడుకుంది,
ఎవరి వేలూ లేకుండా,
ఒకటి పాయింటు నాలుగు.
తాత ఫోను సంగతే పట్టించుకోలేదు.
పొయ్యి మీద పాలకి కాపలా కూర్చున్నట్టు
ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాడు.

డబ్బుతో పాటు ఎండుపెరుగు గడ్డలు నాలుగిచ్చాడు,
పళ్ళు జాగ్రత్త అంటూ.
ఎముక బల్ల మీదే మరిచాడని
నేను వెనకాలే పరిగెత్తాను.
బండి మీంచే అరచెయ్యి చాచి తీసుకున్నాడు.

"పనుంది దీంతో," అన్నాడు.
"మా ఆవిడ ఫోనుకి కుడిపక్క."