నప్పేది

జనవరి మొదటి సోమవారం, అచావో రేవులో
కాలేజీ పిల్లలు వరసగా నిలబడతారు.
వేసవి అని పేరే. చిలోయేలో వాన సెలవు తీసుకోదు.
చేతుల్లో ఫారాలు, ఫారాల మీద చినుకులు.
వైద్యుల పడవకి నేను సరంగుని.
ఇరవై రెండేళ్లుగా ఈ దీవులన్నీ తిప్పుతున్నాను
ఒక డాక్టర్నీ, ఒక నర్సునీ,
ఏటా ఇద్దరు ముగ్గురు వాలంటీర్లనీ.

ఫారంలో ఒక గడి ఉంటుంది:
ఈ పని మీరెందుకు ఎంచుకున్నారు?
అందరూ సేవ అనే రాస్తారు.
నా దగ్గరికి వచ్చేసరికి ఆ రెండక్షరాలూ
తడిసి, అలుక్కుపోయి ఉంటాయి.

ఫారం అడగనివి నేను అడుగుతాను.
కడుపులో తిప్పితే గాలికి ఎటువైపు వంగాలో తెలుసా?
తడి ఉన్నీ, కట్టెల పొగా, ఎండు నాచూ కలిసిన వాసనలో
రెండు గంటలు కూర్చోగలవా?
నీ పేరు ఎవరూ గుర్తుపెట్టుకోని ఇంటికి
రెండోసారి వెళ్ళగలవా?
పిల్లలు నవ్వుతారు. ముసలాడి చాదస్తం అనుకుంటారు.
అనుకోనీ.

నిరుడు ఇస్మేనియా వచ్చింది.
మార్కులన్నీ పైనే. డాక్టరు కావాలని
ఇల్లంతా కలిసి తీర్మానించింది, తనూ చెయ్యెత్తింది.
మొదటి దీవిలోనే, ఒక జాలరి అరచేతిలో దిగిన గాలాన్ని
నర్సు బయటికి తీస్తుంటే
గోడ మీది కేలండరు వైపు తిరిగి
నెలలన్నీ చదివింది. డిసెంబరు దాకా.
ఎవరం ఏమీ అనలేదు.

అదే పడవలో ఎలాదియో.
సర్టిఫికెట్ కోసమే వచ్చానని ఎక్కుతూనే చెప్పినవాడు.
నిజం చెప్పాడు కదా అని పొడిగా ఉండే చోటు వాడికిచ్చాను.
కేనాక్‌లో దోన్యా ఎర్మిందా
పుండు పడ్డ కాలు చూపించనని తలుపు వేసుకుంది.
డాక్టరు బతిమాలాడు. నర్సు బెదిరించింది.
వీడు గుమ్మం పక్క బుట్టలోంచి బంగాళాదుంప తీసి
అక్కడే ఉన్న కత్తితో చెక్కు తీయడం మొదలుపెట్టాడు.
ఆరో దుంపకి ఆమె బయటికొచ్చి
అంత మందంగా తీస్తారట్రా, అని కత్తి లాక్కుంది.
కాసేపటికి, దుంపల మీంచి చూపు తిప్పకుండానే,
కాలు చాపింది.

తిరుగు ప్రయాణంలో ఇంజను దగ్గింది.
నాకంటే ముందు ఇస్మేనియా తలెత్తింది.
పంపు బెల్టు, అంది. పొద్దుటి నుంచీ జారుతోంది.
వినపడలేదా?
లేదు. ఇరవై రెండేళ్లు అదే విన్న చెవి నాది.
లాంతరు వెలుగులో, మోచేతుల దాకా నూనెతో,
బెల్టు బిగిస్తూ ఆ పిల్ల
ఈలలాంటిదేదో వేసింది. తనకి తెలీదు వేసినట్టు.

రేవు చేరాక ఏడ్చింది. దేనికీ పనికిరానంది.
నాకు ఓదార్చడం రాదు.
చెప్పు కరిస్తే తప్పు పాదానిది కాదమ్మా, అన్నాను.
చెప్పుదీ కాదు. ఇంకో జత వేసి చూడు.

దాల్కావేలో, పడవలు కట్టే బెల్ట్రాన్ దగ్గర
ఇప్పుడు రంపపు పొట్టులో ఉంది.
జీతం లేదు. మధ్యాహ్నం సూపు, సాయంత్రం తిట్లు.
వాళ్ళమ్మ నాతో మాట్లాడదు.
ఎలాదియో సర్టిఫికెట్ తీసుకుని వెళ్ళాడు, పటం కట్టించాడట.
మార్చిలో ఊరకే వచ్చాడు
ఆవిడ కాలెలా ఉందని అడగడానికి.

నన్నెవరూ అడగలేదు.
నాన్న మునిగిన వారమే చుక్కాని నా చేతికొచ్చింది.
ఈ పని నాకు నప్పిందో,
అరిగి అరిగి నేనే దీనికి నప్పానో
ఇప్పుడు విడదీసి చెప్పలేను.
అందుకే కాబోలు, వరసలో ఒక్కొక్కరి చేతికీ
ముందు తాడు ఇస్తాను.
ముడి వేయమని కాదు.
ఏం చేయాలో చెప్పకపోతే ఏం చేస్తారో చూద్దామని.

ఈ ఏడు ఒకమ్మాయి
తాడుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.
ఎక్కమన్నాను.