చప్పుడు ఆగితే

అజామాబాద్ ఐసు ఫ్యాక్టరీల
పదకొండేండ్లుగ రాత్రి డ్యూటీ నాది.
కంప్రెసర్ కొట్టుకుంటుంటే గోడకొరిగి కునుకు తీస్త.
అది ఆగిందా,
కండ్లు తెరవకముందే కాళ్ళు ఉరుకుతయి.
మెషిన్ల కాడ పనంటే అంతే,
చప్పుడుకు కాదు, చప్పుడు ఆగినందుకు లేవాలె.

ఇంట్ల మాత్రం ఏ రాత్రీ లేను.

గోల్నాకల మా గోడకు అవతలి మొఖం జుబేదా ఆపాది.
ఒక పొద్దుగాల డబ్బా పట్టుకొని మెట్లెక్కుతుంటే ఆపింది.
"మీ వర్షిత్ గురక నాకు అలవాటే భాయ్,
దాంతోని భయం లేదు.
మధ్యల ఆగుతది చూడు,
అప్పుడు తస్బీ మీద వేలు పెట్టి లెక్కపెడ్త.
నిన్న రాత్రి పన్నెండు పూసల దాక
ఊపిరి రాలే."

నేను నవ్విన.
ఏడేండ్ల పోరడు గురక పెడ్తే
మా నాయన పోలిక అనుకున్నం.
నోరు తెరుచుకొని పండుకుంటే
ఆడి ఆడి అలసిండు అనుకున్నం.
పక్క తడిపితే కొట్టినం.
కొట్టినం కాదు, కొట్టిన. సరళ అడ్డం వచ్చింది.
బడిల కుదురుగ కూసోడు, చెప్పింది మతికుండదు అని
సారు డైరీల రాసి పంపితే
కింద సంతకం పెట్టిన.

ఆదివారం సెలవు పెట్టి
బిడ్డ పక్కన మేలుకొని కూసున్న.
దిండు వదిలేసి, మెడ వెనక్కి వాల్చి,
జుట్టంత చెమటతోని
వాడు నిద్ర పోతలేడు, నిద్రను మోస్తుండు.
గురక, గురక, గురక.
ఆగింది.
ఎద లోపలికి గుంజుకుంటుంది,
పొట్ట పైకి లేస్తుంది,
గాలి మాత్రం లేదు.
నా కాళ్ళు లేచినయి.
ఏ స్విచ్చు వెయ్యాలె? ఏ వాల్వు తిప్పాలె?

నేను నిలబడే ఉన్న.
సరళ నిద్రల్నే చెయ్యి చాచి
వాని భుజం తట్టి పక్కకు మర్లేసింది.
గక్కున ఊపిరి వచ్చింది.
పొద్దున అడిగితే ఆమెకు యాదికి లేదు.

కోఠీ ఆస్పత్రిల చిన్న వయసు డాక్టరమ్మ
నోట్లె టార్చి వేసి నన్ను పిలిచి చూపించింది.
రెండు టాన్సిళ్ళు ఒకదానికొకటి ఆనుకొని
సందు గల్లీల ఎదురెదురుగ ఇరుక్కున్న ఆటోల లెక్క.
"ముక్కు వెనకాల ఇంకో గడ్డ ఉంది,
ఫిల్ములో కనబడుతోంది.
ఎంత ఆగుతుందో ఒక రాత్రి కొలవాలి."

తలకు వైర్లు, ఎదకు పట్టీ,
వేలుకు ఎర్రగ వెలిగే క్లిప్పు.
"నాయినా, నన్ను చార్జింగ్ పెట్టిండ్రా?" అన్నడు.
అవతలి గదిల పిల్లగాడు తెల్లందాక గీతలు చూసి
పొద్దున కాయితం ఇచ్చిండు:
గంటకు పదిహేడు సార్లు.
పదిహేడును రాత్రికున్న గంటలతోని,
మూడేండ్ల రాత్రులతోని గుణించబోయి
ఆగిపోయిన.

ఆపరేషన్ కాయితం మీద సంతకం పెట్టమన్నరు.
ఈసారి చదివి పెట్టిన,
తెలియని కాడ అడిగి పెట్టిన.

గొంతు మంటతోని, గుసగుసగ,
"మీ ఫ్యాక్టరీ ఐసు తెస్తవా?" అన్నడు.
అది తినేది కాదు బిడ్డా, చేపలకు వేసేది అన్న.
ఇంక దేనికి వేస్తరో చెప్పలే.
బయటికి ఉరికి కప్పు ఐస్‌క్రీం కొనుక్కొచ్చి
చెక్క చెంచాతోని పెట్టుకుంట
మొఖం పక్కకు తిప్పుకున్న.

నెల దాటింది.
"మీ గోడ మాట్లాడ్తలేదు భాయ్,
నాకే నిద్ర పడ్తలేదు" అంటుంది ఆపా.
వాడు నోరు మూసుకొని పండుకుంటుండు.
సారు డైరీల ఏం రాయలే.
కొందరికి మళ్ళీ వస్తదట,
మూడు నెలలకు ఇంకోసారి రమ్మన్నరు.

ఆదివారాలు ఇంట్ల పండుకుంటే
ఆ నిశ్శబ్దానికి దిగ్గున లేస్త.
ముక్కు కింద వేలు పెడ్త.
వెచ్చగ, సన్నగ, వస్తనే ఉంటది.

అంతల సరళ చెయ్యి కదులుతది,
చీకట్ల వాని భుజం వెతికి తడ్తది.
దానికింక డ్యూటీ అయిపోయిందని
ఎవ్వరూ చెప్పలే.