కాకతాళీయం

గుంటూరు జిల్లా కోర్టు ఎదురు సందులో
మూడో జిరాక్సు షాపు నాది.
పేజీ టైపుకి ఇరవై. నా తప్పులు దిద్దితే ఉచితం.

మూడు గంటలప్పుడు వచ్చింది నూర్బాషా మస్తాన్‌బీ,
మిర్చి యార్డు నుంచి నేరుగా.
ఆమెకంటే ముందు ఘాటు వచ్చింది.
నేను తుమ్మాను. పక్క షాపు సాంబిరెడ్డి తుమ్మాడు.
ఫ్యాను ఆపేశాం.

లాయరుగారు పంపారంటూ
గోనెసంచిలోంచి కాగితాలు తీసింది.
జీజీహెచ్ కేసు షీటు, టీకా సర్టిఫికెట్టు,
మొగుడి హమాలీ కార్డు:
కాశింసైదా, ముప్పై నాలుగు.
నలభై అయిదు కిలోల టిక్కీలు
రోజుకి నూటయాభై దింపిన మనిషి.
సూది పడ్డ పన్నెండో రోజు
చెప్పు జారిపోతే కాలికి తెలియలేదట.
పద్నాలుగో రోజు నిలబడలేదు.
ఇప్పుడు గ్లాసు పట్టుకుంటాడు,
నీళ్లు సగానికి పోస్తే.

నేను కొట్టేవన్నీ బస్సు కేసులు, లారీ కేసులు.
వాటికో పట్టిక ఉంది, వయసుకో గుణకం ఉంది.
ముప్పై నాలుగుకి పదహారు.
నెల జీతం ఇంటూ పన్నెండు ఇంటూ పదహారు,
కాలికింత శాతం, వేలికింత.
కళ్లు మూసుకుని కొట్టేస్తాను.

సూదికి పట్టిక లేదు.
పాత ఫైలు తెరిచి దానిమీదే మార్చుకుంటూ పోయాను.
గుద్దిన బండి నంబరు దగ్గర
బ్యాచ్ నంబరు వేశాను.
డ్రైవరు పేరు దగ్గర ఏం వేయాలో తెలియక
గడి ఖాళీగా ఉంచాను.

అన్నిటికీ అడుగున కమిటీవాళ్ల ఉత్తరం,
ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ.
"ఏమన్నారు బాబూ అందులో?
లాయరుగారు చెప్పారు గానీ నా బుర్రకెక్కలా."

చదివి, ఒక మాట దగ్గర ఆగిపోయాను.
తెలుగులో ఏమంటారా అని వెతుక్కుంటే
ఇంటర్లో మా మాస్టారు చెప్పింది తగిలింది.
"కాకతాళీయం" అన్నాను.
"అంటే?"
"తాటిచెట్టు మీద కాకి వాలింది.
అప్పుడే పండు రాలింది.
కాకి వాలబట్టే రాలిందని చెప్పలేం అంటున్నారు."

ఆ కాగితం వైపు కాసేపు చూసింది,
చెట్టు కనపడుతుందేమో అన్నట్టు.
"వాలబట్టి కాదని మాత్రం చెప్పగలరా?"
నేను నసిగాను.
"పోనీలే. పండు ఎవరి నెత్తిన పడిందో
అదన్నా రాశారా?"

మళ్లీ తనే అంది.
"కాకిని తిట్టడానికి రాలేదయ్యా నేను.
ఆ ఏడు మా వీధిలో తొమ్మిది జనాజాలు లేచినయ్.
సూది వచ్చాకే ఆగినయ్, నాకు తెలవదా?
మా చిన్నదానికి మొన్న బుధవారం నేనే ఎత్తుకెళ్లి వేయించా.
అందరి కోసం అన్నారు, చెయ్యి చాపాడు.
ఆ అందరిలో ఒక్కడన్నా..."
అని, సంచి అంచున ఊడిన పురికోస లాగుతూ ఉండిపోయింది.

ఆ వారమే నేనూ వేయించుకున్నాను,
యార్డు షెడ్డులోనే, బహుశా ఆ వరసలోనే.
ఒక రాత్రి జ్వరం.
తెల్లారి ఇడ్లీ తిని షాపు తీశాను.
ఆ మాట ఆమెకి చెప్పలేదు.

కోరిన మొత్తం దగ్గర గీత మినుకుతోంది.
"ఎంత వేయను?"
"టిక్కీకి ఎంతో చెప్పగలను.
మనిషికి నువ్వే వేయి."
పదహారుతోనే కొట్టాను.
లాయరుగారు కొట్టేస్తే కొట్టేయనీ.

మూడు సెట్లు. పేజీ పేజీకీ వేలిముద్ర.
తొడిమలు తీసి తీసి గీతలరిగిన బొటనవేలు,
నాలుగోసారి నొక్కితేగాని పడలేదు.
వద్దంటున్నా డబ్బు లెక్కపెట్టి
కీబోర్డు మీద పెట్టి వెళ్లింది.
పొద్దుగూకేదాకా మంట తగ్గలేదు నా వేళ్లకి.

రేపట్నుంచి ఈ ఫైలు బల్లలు మారుతుంది.
ఎక్కడో ఒక గుమాస్తా
వేలు తడి చేసుకుని పేజీ తిప్పి,
మరిచిపోయి కన్ను నలుపుకుంటాడు.
నీళ్లు కారితే,
ఈ కాగితానికీ ఆ కంటికీ సంబంధం
నిర్ధారించలేమని రాసుకోవచ్చు.