కాటా దగ్గర

అంబాజీపేట మార్కెట్లో
ఎండుకొబ్బరి తూచే గుమాస్తాని.
ముల్లు ఎటు వాలినా
ఆ పాపం నాది కాదు.

కాలేజీలో ముప్పయ్యేళ్లు అర్థశాస్త్రం చెప్పి
రిటైరైన ఇద్దరు
లారీకి లోడు కట్టే వేళకి వచ్చి
బస్తాల మీద కూచుంటారు.
ఇద్దరిదీ ఒకటే మతం: బజారు.
మద్దతు ధర అన్న మాట వినబడితే
ఇద్దరికీ ఒకేసారి పొలమారుతుంది.
పేచీ అంతా ధరలు దిగినప్పుడే.

"దిగనివ్వండి," అంటారు వక్కలంక సోమయాజులు గారు.
"చవకంటే శాపమా? రూపాయికి ఒళ్లొచ్చిందని అర్థం.
అయినా కాలవలో నీరు తీస్తే
పడవలన్నీ కలిసే దిగుతాయి కదా!"

"కట్టేసిన పడవ దిగదు మేష్టారూ,"
గెడ్డం ఏసుపాదం గారు చుట్ట నలిపేస్తారు.
"తాడు పొట్టిదైతే గుంజకి వేలాడుతుంది.
ఆ తాడు పేరు అప్పు.
ఒక్క కొబ్బరి ధర పడితే అది కబురు.
కొబ్బరి, రొయ్య, కూలి, కొట్టద్దె
అన్నీ ఒక్కసారే పడితే
సరుకు పెరిగినట్టు కాదు, డబ్బు ఎండినట్టు.
అప్పుడు లాకు జానెడు ఎత్తాలి. అంతే.
ఫలానా వాడి చేను తడపమనడం లేదు నేను."

"లాకు తాళం ఉన్నవాడికి
బావమరిది చేను ఉండదా?"

"లాకు లేకుండా ఈ డెల్టా ఉందా?"

రోజూ ఇక్కడే ఆగుతారు.

నూకరత్నం బస్తా దించింది.
కిలో నూటనలభై ఉన్నప్పుడు
ఒప్పుకున్న తోట కౌలు.
నానుతాడు సొసైటీ బీరువాలో.
ఇవాళ ధర తొంభై.
చీటీ రాసిచ్చాను. చదువు రాదు గానీ
అంకెలొచ్చు ఆవిడకి.
పెద్దమనుషుల కేసి తిరిగింది.
"అన్నీ దిగుతున్నాయంటున్నారు గదండీ,
నా బాకీ ఎప్పుడు దిగుద్దండీ?"

సోమయాజులు గారు కళ్లజోడు తుడుచుకున్నారు,
తుడిచిందే తుడిచారు.
ఏసుపాదం గారు ఏదో అనబోయి
నా కాటా కేసి చూశారు.

వెళ్లేటప్పుడు సోమయాజులు గారు
ఆవిడ బస్తాలోంచి అరకిలో కొన్నారు.
"మీకూ తూచమంటారా?" అడిగాను రెండో ఆయన్ని.
"వచ్చే వారం చూద్దాంలేవోయ్, ఇంకా దిగుతుంది,"
అనేసి
నాలిక కరుచుకున్నారు.

కాలవ కట్టేసిన రోజులు.
ఇంటికెళ్తూ వంతెన దగ్గర చూశాను,
ఎవరిదో దోనె
ముక్కు పైకెత్తి, తోక బురదలో.
తాడు విప్పుదామని వంగాను.
ముడి ఎవరేశారో తెలీదు.
విప్పితే ఎటు పడుద్దో తెలీదు.
కాసేపు పట్టుకుని నిలబడ్డాను,
ఆయ్, అంతే.