మెడపూసలు

ఉమ్ అల్ కువైన్‌ల, కార్ఖానాల వెనక, పద్నాలుగో నంబరు షెడ్డు.
బోర్డు లేదు. వాసనే బోర్డు.
ఇక్కడ మేం ఎముకలు ఉడకబెడతం:
నేను, చిన్న పోచాలు, ఒక బలూచీ ముసలాయన.
సచ్చిన జంతువు లారీల వస్తది,
కండ కరిగి, కొవ్వు తేలి, తెల్లగ ఆరి
మ్యూజియంకు పోతది.

మొన్న జిరాఫీ వచ్చింది, ఎవరో షేకు తోటలది.
మెడ ఒక్కటే నా మంచమంత.
యాభై పూసలన్న ఉంటయని పోచాలుతోని పందెం కాసిన,
పది దిర్హములు, ఒక సులేమానీ చాయ్.
డాక్టరమ్మ ఇంతిసార్, సూడాన్ మనిషి,
తొడుగు తీసి వేళ్లు చూపింది.
ఒక చెయ్యి, ఇంకో రెండు.

మళ్ల లెక్కవెట్టిన. ఏడే.
ఒక్కొక్కటి జానెడు మీద నాలుగు వేళ్లు.

పక్క బల్ల మీద ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపు ఆవు.
మెడనే లేదనుకున్న. దానికీ ఏడు,
బిస్కెట్ల పొట్లం తీరుగ ఒత్తుకొని.
ఒంటెకు ఏడు. షెడ్డు ఎనక పిల్లికి ఏడు, అది పట్టే ఎలుకకు ఏడు.
ఎక్కడో అడవిల చెట్టుకు ఏలాడే సోమరి జంతువుంటదట,
దానికి మాత్రం లెక్క తప్పుతదట.
"పని చెయ్యనోనికి దేవుడు బోనస్ ఇచ్చిండా?"
అన్నడు పోచాలు, నా పది దిర్హములు మడిచి జేబుల పెట్టుకుంట.

మొదటి పూస ఉంగరం తీరుగుంటది.
తలకాయ దాని మీద కూసొని అవునంటది.
రెండోదానికి పన్ను మొలిచి ఉంటది.
దాని సుట్టు తిరిగి కాదంటది.

బ్రష్‌తోని రుద్దుకుంట యాది చేసుకున్న,
తొమ్మిదేండ్లల్ల నా రెండోది ఎన్నిసార్లు తిరిగింది?
పాస్‌పోర్టు ఇయ్యమన్ననాడు మొదటిది.
జీతం వచ్చే నెల అన్ననాడు మొదటిది.
గంగిరెద్దుకు సుత ఏడే గద.

ఇక్కడోళ్లు గడ్డం పైకెత్తి, నాలుకతోని టక్కుమని కాదంటరు.
మనం అవునన్నా కాదన్నా
ఈ బుజానికీ ఆ బుజానికీ నడుమ ఊపుతం.
పాత ఫోర్‌మన్ ఒకడు నా గడ్డం పట్టి ఆపి
"ఎస్సా, నోనా?" అని ఒర్లిండు.
నాకు తెలిస్తే గద.

రాత్రి ఎల్లవ్వ ఫోను.
మెట్‌పల్లిల వెయ్యి బీడీలు అయ్యేదాక తల లేపది.
చెవికీ బుజానికీ నడుమ నన్ను ఇరికిచ్చి మాట్లాడుతది,
ఆకు కత్తిరిచ్చే సప్పుడు నాకు ఇనబడుతది.
మెడ గుంజుతుందట. జగిత్యాలల ఫొటో తీయిచ్చిందట.
ఐదుకూ ఆరుకూ నడుమ అరిగిందన్నరట.
"జిరాఫీకి సుత నీ లెక్కనే ఏడు," అన్న,
ఇంకేం చెప్పాల్నో తోచక.

కత్తెర ఆగింది.
"మరి జిరాఫీ బీడీలు చేస్తదా?"

నవ్వింది. శానాసేపు నవ్వింది.
"అన్ని పూసలు కడుగుతున్నవ్ గని
నువ్వే నల్లపూసవైతివి," అన్నది.
కత్తెర మళ్ల మొదలైంది.

తెల్లారి శుక్రవారం.
సీకటి ఉండంగనే లారీ వచ్చింది, తలుపులోంచి ఒంటె తల ఏలాడుకుంట.
సూపర్‌వైజర్ అడిగిండు: డ్యూటీ చేస్తవా?
నేను మెల్లగ తల ఎడమకు తిప్పిన,
తర్వాత కుడికి.
లోపల ఎక్కడో ఇసుక నలిగినట్టు కరకరమన్నది.

వాడు జాలిగ చూసి
"మెడ పట్టిందా?" అన్నడు.