నాలుగున్నర చుక్కలు

మా గది కింద తవిటయ్య కొట్టు.
మూడు లాంతర్ల నుంచి కోటకెళ్ళే దారిలో,
పగలంతా కాలిన మోటారు వాసన
మెట్లెక్కి నా బల్ల దాకా వస్తుంది.

పైన నేను మిక్సీలకి చుక్కలు వేస్తాను.
ఆరేళ్ళుగా ఇదే పని.
పావుకిలో మినప్పప్పు, ఎండుకొబ్బరి, పసుపు కొమ్ములు,
గడియారం పెట్టి రుబ్బి, చెయ్యి వేసి వేడి చూసి
రాస్తాను. జనం చదువుతారు.
చదివి, చివరన నీలం గీత నొక్కి కొంటే
నూటికి నాలుగు రూపాయలు నాకు.
ఆ సంగతి కూడా రాశాను లెండి,
అడుగున, ఆవగింజంత అక్షరాల్లో.

నీలం గీత లేని రాత ఒకటి రాశానోసారి,
పాతదే బాగు చేయించుకోండి అని.
రెండువేల మంది చదివారు.
రూపాయి రాలేదు.

మొన్న గురువారం కొత్త మిక్సీ వచ్చింది, ఊరికే.
వెంట ఉత్తరం: తిరిగి పంపనక్కర్లేదు.
ఇంకా కింద, చాలా మర్యాదగా,
"లోపాల పేరా కొంచెం కిందికి జరపగలరా?"
తీసెయ్యమనలేదు. జరపమన్నారు.
జరిపాను.

అటక మీద ఇలాంటివి ఏడున్నాయి.
మా ఇందుమతి చెట్నీ మాత్రం
తవిటయ్య రెండుసార్లు వైండింగు కట్టిన పాతదాంట్లోనే.

నాన్న గోగునార బజార్లో కాటా వేసేవాడు.
కూలి రైతు సగం, షావుకారు సగం.
ముల్లు నిలబడే దాకా
రెండు చేతులూ వెనక్కి కట్టుకునేవాడు,
అందరికీ కనపడేలా.
ఒక షావుకారు, సగమెందుకు, మొత్తం నేనే ఇస్తానన్నాడట.
ఆ ఏడు నాన్న కొబ్బరికాయల బండి లాగాడు.
ఎందుకో నాకెప్పుడూ చెప్పలేదు.

నిన్న తవిటయ్య కేకేశాడు.
గుడ్డ మీద విప్పేసిన మిక్సీ.
"ఏటి బావూ, దీనికేనా నువ్వు నాలుగున్నర ఏసినావు?
కప్లింగు సూడు, గుంటలాడుకునే పిలాస్టీకు.
ఈ నెల్లో ఇది నాలుగోది.
నీ పున్నేన నా కొట్టు బాగానే నడస్తంది."
నవ్వాడు. ఎగతాళి కాదు, నిజంగానే నవ్వాడు.
మిక్సీ తెచ్చినావిడ బయట స్టూలు మీద,
ఒళ్ళో ఖాళీ జారు.
నానబోసిన పప్పు పులిసిపోతోందని ఆవిడ గోల.
నేనెవరో ఆవిడకి తెలీదు.

రాత్రి లోపాల పేరా పైకి తెచ్చాను.
ఒకటిన్నర చుక్క చెరిపాను.
నీలం గీత దగ్గర ఆగిపోయాను.
అద్దె ఐదో తారీకున.

కింద షట్టరు దించుతూ తవిటయ్య
"లైటార్పవేటి బావూ?" అన్నాడు.
రెండు చేతులూ
మీటల మీదే ఉన్నాయి నావి.