నీళ్లు పడలేదు

న్యూన్‌హామ్ గట్టు మీద
మూడుకాళ్ల మేకలా నిలబెట్టాను స్కానర్‌ని.
సెకనుకి లక్ష చుక్కల కాంతి విసిరి
తగిలినచోటల్లా లెక్క రాసుకొస్తుంది.
చర్చి శిఖరానికి తగిలింది. రెల్లుకి తగిలింది.
అవతలి ఒడ్డున నెమరేస్తున్న ఆవు కొమ్ముకి తగిలింది.
బురదలో ఎవరో వదిలేసిన ఒంటి బూటుకీ తగిలింది.

రాత్రి గదిలో తెర మీద తెరిచి చూస్తే
అన్నీ ఉన్నాయి,
సెవెర్న్ లేదు.

నీళ్లు ఆ కాంతిని తాగేస్తాయట.
తాగి, బదులు చెప్పవట.
రెండు ఒడ్లు, మధ్యలో నల్లటి ఖాళీ,
అరమైలు వెడల్పున.

నాకెందుకో నవ్వొచ్చింది.
ఇంత దూరమొచ్చి, ఇన్ని నీళ్ల పక్కన కూచుని
నేను తీసింది మా చిత్రావతి బొమ్మ.

మా ఏరు అంతే. ఒడ్లుండేవి.
బడికి పోవాలంటే ఏట్లో నడిచే పోయేవాళ్లం,
కాలే ఇసుక మీద
పలక కింద పెట్టి, దానిమీద నిలబడి,
అరికాళ్లు చల్లార్చుకుని మళ్లీ పరుగు.
దప్పికైతే సుంకులత్త
మోచేతి లోతు చెలమ తీసేది.
మొదటి నీళ్లు మురికి, చిప్పతో చేదిపారేసేది.
రెండోసారీ చేదిపారేసేది.
"ఉండు మే, ఊరనీ" అనేది.
మూడోసారి ఊరిన నీళ్లలో
నా మొహం కనిపించేది, ఇసుక రేణువులతో సహా.
ఆ వయసులో అద్దం చూసుకున్న గుర్తు లేదు గానీ
ఆ మొహం గుర్తుంది.

తర్వాత్తర్వాత లారీలొచ్చి
మా ఏటిని ట్రిప్పుల లెక్కన ఎత్తుకుపోయాయి.

ఐవర్ ప్రాసర్‌కి ఎనభై ఒకటి.
వసంతం రాత్రుళ్లు లాంతరు పెట్టుకుని
దారప్పోగులంత మలుగుపిల్లల్ని వలతో తోడినవాడు.
ఇసుక మేటల పేర్లన్నీ ఆయన నాలిక మీదుండేవి.
ఇప్పుడు కొన్ని జారిపోతున్నాయి.
మైకు ముందు ఒక పేరు దగ్గర ఆగి
తడుముకుంటాడు,
చీకట్లో కాలితో చెప్పులు వెతుక్కునే మనిషిలా.
"మేట కూడా ఉన్నచోట ఉండదమ్మా, జరుగుతుంది.
నేనే మర్చిపోయానో, అదే పోయిందో."

బోరు మాట ఆయనే ఎత్తాడు.
ఇక్కడ బోరంటే
సముద్రం నుంచి ఏటికి ఎదురొచ్చే అల.
మా వైపు బోరంటే ఆరువందల అడుగుల అప్పు, అన్నాను.
అర్థం కాకపోయినా మర్యాదకి తలూపాడు.
ఆ పొద్దున ఇద్దరం గట్టు మీద కూచుని చూశాం:
ముందు చప్పుడు, తర్వాత తెల్లటి గీత,
ఆ వెనక ఏరు మొత్తం,
ఏదో మర్చిపోయి ఇంటికి తిరిగొస్తున్నట్టు.

ఖాళీని పూడ్చే మీట ఒకటుంది సాఫ్ట్‌వేర్‌లో.
నొక్కితే చుట్టుపక్కల చుక్కల్ని బట్టి
తోచింది అల్లేసి నున్నగా చేస్తుంది.
నొక్కాను.
గచ్చు చేసిన ఏరు.
వెంటనే వెనక్కి తీసుకున్నాను.

పాత పడవల కొట్టంలో నేల మీద పరిచాం పటాన్ని.
నాలుగు ప్రొజెక్టర్లు. చీకటి.
కాళ్ల కింద రెల్లు చుక్కలు, ఆవు చుక్కలు, బూటు చుక్కలు,
మధ్యలో ఏమీ లేనిది.
ఆ ఏమీ లేనిచోటు నుంచే ఐవర్ గొంతు వస్తుంది,
తడుముకున్న విరామాలతో సహా. వాటిని నేను కత్తిరించలేదు.

పిల్లలు దానిమీద గెంతారు.
కౌన్సిల్ ఆవిడ వైన్ గ్లాసుతో అడ్డంగా దాటేసింది.
ఐవర్ మాత్రం అంచుదాకా వచ్చి ఆగిపోయాడు.
కర్రతో ఒకసారి తట్టాడు, చెక్క నేల మోగింది.
అయినా అడుగు వెయ్యలేదు.

నేను చెప్పులు విడిచాను.
ఏరంటే నాకు నడిచేదేగా.
రెండడుగులు వేశానో లేదో
వెనకనుంచి నా చొక్కా చేతిని పట్టుకున్నాడు,
ఎనభై ఒక్కేళ్ల పట్టు.

"ఇప్పుడొద్దు" అన్నాడు మెల్లగా,
"పోటు వచ్చే వేళ."